తమ్ముడికి, కారు కొనేముందు

కోబ్లెంజ్, జర్మనీ
ఆదివారం

చి. కార్తీక్‌కి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని నిన్న ఫోన్‌లో విని మనసు కుదుటపడింది. అదే ఫోన్‌లో గొంతు తగ్గించి, "వాడు ఎవరో రేసులాడిన కారు కొంటానంటున్నాడు, నువ్వైనా వద్దని చెప్పవే" అంది. నేను వద్దని చెప్పను. కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చివరిదాకా చదువు. వాట్సాప్‌లో అయితే పైపైన చూసి వదిలేస్తావని కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. 2016లో మన దేశానికి 99 కార్లే తెస్తామని ప్రకటించిన మోడల్, మూడు తలుపులది, 1.8 లీటర్ టర్బో ఇంజన్, 192 పీఎస్ శక్తి. అది నీకెందుకు నచ్చిందో నాకు తెలియదా? చెన్నైలో మన విల్లివాక్కం ఇంట్లో గోడ నిండా కార్ల బొమ్మలు నీవి, వాటిని అన్నం మెతుకులతో అంటించి పెట్టింది నేను.

అమ్మే ఆయన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద రెండు మూడుసార్లు సరదాగా తిప్పానన్నాడని రాశావు. ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద గట్టిగా నడిపితే, పూర్తి స్పీడు, వెంటనే పూర్తి బ్రేకు, మలుపు, మళ్లీ స్పీడు. బ్రేకు డిస్కులు చల్లారేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది. ఊళ్లో ఏళ్లతరబడి తిరిగినా కారుకి అంత వేడి తగలదు.

నా మొదటి కారు సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నూర్‌బుర్గ్‌రింగ్ మాకు దగ్గరే. 1927లో తెరిచిన ట్రాక్, ఒక్క చుట్టు దాదాపు 20.8 కిలోమీటర్లు, డబ్బు కట్టి ఎవరి కారులో వాళ్లు తిరగొచ్చు. నాకు కారు అమ్మినాయన మాత్రం ఆఫీసుకీ అంగడికీ తప్ప తీయలేదన్నాడు. కారు తళతళలాడుతోంది, నమ్మాను. మూడో వారం, మోసెల్ నది లోయలోకి దిగే వంకర రోడ్డు మీద బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, తడిసిన స్పాంజిలా కిందికి దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఎలాగో గట్టు పక్కన ఆపాను. వెనక సీట్లో పాప నిద్రపోతోంది. ఇది అమ్మకి చెప్పకు.

గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించారు. పెద్దాయన, మెకానిక్, ముందు చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనింగ్ వెనక వేలు పెట్టి గీకి, అరచెయ్యి నా ముందు చాపాడు. మిరియాల గింజల్లాంటి నల్లటి రబ్బరు ఉండలు. ట్రాక్ మీద వేడెక్కిన టైర్ల నుంచి ఊడిన రబ్బరును చక్రాలు ఎగజిమ్మితే అక్కడ అతుక్కుంటుందట. బయట ఎంత పాలిష్ పట్టించినా ఆ మూల ఎవరూ కడగరు. తర్వాత కొంచెం బ్రేక్ ఆయిల్ తీసి గాజు గ్లాసులో పోశాడు. అచ్చం కాఫీ డికాషన్.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పట్టిందంటే ఆ హద్దు 155కి దిగిపోవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి, నువ్వు తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. సముద్రం పక్కనున్న మన ఊళ్లో తేమకి కొదవా?

ఇప్పుడు నేను నడిపేది కూడా ట్రాక్ మీద తిరిగిన కారే, కార్తీక్. అమ్మినతను మొదటి మాటే అది చెప్పి, ఒక రూళ్ల నోటుబుక్ చేతిలో పెట్టాడు. ఏ తేదీన ఎన్ని చుట్లు, ఎప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చాడు, బ్రేక్ ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయి, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఐదేళ్లయింది, నన్ను ఒక్కరోజు కూడా రోడ్డు మీద నిలబెట్టలేదు. నీకు కారు అమ్మే ఆయన్నీ అదే అడుగు, ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఏమేం మార్పించాడో. మాటలొద్దు, బిల్లులు చూపించమను.

డిస్కుల మీద వేలు ఆనించి చూడు. అంచున గట్టు కట్టిందా, నీలిరంగు తిరిగిందా, వెంట్రుకల్లాంటి బీటలున్నాయా. ముందు టైర్ల బయటి అంచు లోపలికంటే ఎక్కువ అరిగిపోయి ఉంటే మలుపుల్లో బాగా నలిపాడని అర్థం. గేర్‌బాక్స్ ఇంకా ముఖ్యం. దాని ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు, పొడి క్లచ్‌లు, వేడి త్వరగా బాధిస్తుంది. మండుటెండలో, ఏసీ వేసి, కత్తిపారా కూడలి దగ్గర ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో అరగంట నడుపు. కదిలేటప్పుడు వణికినా, గుంజినా వదిలెయ్.

ఇన్సూరెన్స్‌లో క్లెయిములేవీ లేవని చూపిస్తే మాత్రం నిశ్చింతగా ఉండకు. మన మోటారు పాలసీల్లో రేసులు, స్పీడ్ పరీక్షలు కవర్ కావని రాసే ఉంటుంది. ట్రాక్ మీద గోడకి కొట్టుకుంటే సొంత డబ్బుతోనే బాగు చేయించుకుంటారు, రికార్డులోకి ఎక్కదు. బానెట్ బోల్టుల మీద పెయింట్ పగిలిందేమో, రెండు పక్కలా సందులు సమానంగా ఉన్నాయేమో నువ్వే చూసుకోవాలి. సీటు బెల్టు చివరిదాకా లాగు. 2023 డిసెంబరు వరదలో మునిగిన కారైతే ఆ చివరన బురద చార కనిపించొచ్చు.

ఇంకో మాట. మన దగ్గర తయారైన పోలోకి ఐదు తలుపులు. దీని తలుపు దెబ్బతింటే పాత కార్ల విడిభాగాలమ్మే పుదుప్పేట అంతా గాలించినా దానిది దీనికి సరిపోదు, బయటి దేశం నుంచి తెప్పించాలి. ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకో, నాన్నని అడగొద్దు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి కారు లిఫ్ట్ ఎక్కించి నాకు వీడియో కాల్ చెయ్. ఇక్కడ ఆరవుతుంది, లేచే ఉంటాను. టార్చ్ తీసుకెళ్లు. ముందు చక్రం పైన ఆ లైనింగ్ వెనక వేలు పెట్టి, అరచెయ్యి నాకు చూపించు.

అక్క
సంధ్య