ఆ ఎర్ర మూత ట్యూబులోనే ఇంకో పరీక్ష

కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కె.ఆర్. పురంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మాది మడకశిర దగ్గర పల్లె, బెంగళూరు వచ్చి పదమూడేళ్లయింది. గర్భిణులందరికీ మొదటి రక్త పరీక్షల్లోనే థైరాయిడ్ కూడా చూడమని అడిగే ఈ ఉత్తరాన్ని కన్నడలో రాయించి మీ కార్యాలయానికి పోస్టు చేశాను. ఇక్కడ తెలుగులో పెడుతున్నది, ఇది ఎవరి గురించో వాళ్లలో చదవగలిగినవాళ్లు చదువుతారని. కదిరి, మదనపల్లె, కళ్యాణదుర్గం వైపు నుంచి మేస్త్రీల వెంట వచ్చి వైట్‌ఫీల్డ్, వర్తూరు చుట్టుపక్కల రేకుల షెడ్లలో ఉంటున్న ఆడవాళ్ల సంగతి ఇది.

వాళ్లలో ఒకామె కిందటేడు ఏప్రిల్‌లో మా ల్యాబ్‌కు వచ్చింది. ఐదో నెల. బయట ఎండ మండిపోతోంది, ఆమె మాత్రం స్వెటర్ వేసుకుని ఉంది. కాళ్లకు నీరు, గొంతు బొంగురు. చేతిలో ప్రైవేటు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ, దాని మీద ఒకటే పరీక్ష: టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ పరీక్ష. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే తాయి కార్డు చూపించమన్నాను. నాలుగో నెలలో ప్రభుత్వ కేంద్రంలో చేసిన పరీక్షలన్నీ అందులో ఉన్నాయి: హిమోగ్లోబిన్, షుగర్, హెచ్ఐవీ, సిఫిలిస్, బ్లడ్ గ్రూప్. థైరాయిడ్ లేదు. సాయంత్రం మెషిన్ ఇచ్చిన అంకె 41. నమ్మబుద్ధి కాక రెండోసారి పెట్టాను. దాదాపు అంతే వచ్చింది.

మీ దగ్గర డాక్టర్లున్నారు కాబట్టి ఆ అంకె అర్థం మీకు వేరే చెప్పనక్కర్లేదు. చదివే అక్కల కోసం ఒక్క మాట. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే, దాన్ని తొందరపెట్టడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా వదులుతుంది. అంకె పెరిగిందంటే గ్రంథి వెనకబడిందని. కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ తయారవడం మొదలయ్యేది మూడో నెల చివర్లో. అది చాలినంతగా అందేసరికి ఐదో నెల వస్తుంది. అందాకా బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన ఆ హార్మోన్, థైరాక్సిన్, తల్లి నుంచే రావాలి. తల్లి దగ్గరే లేకపోతే గర్భం నిలవకపోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బీపీ రావచ్చు. అమెరికాలో 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో, చికిత్స అందని తల్లుల పిల్లలకు ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో ఐక్యూ మిగతా పిల్లల కంటే సగటున 7 పాయింట్లు తక్కువ ఉంది.

మన ఇళ్లలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నెల తప్పిందని మూడో నెల దాటేదాకా బయట చెప్పరు, దిష్టి తగులుతుందని. ఊరి నుంచి అత్తగారు వచ్చాక, పనికి పోని రోజు చూసుకుని, ఆస్పత్రికి పోయేసరికి నాలుగో నెల. బిడ్డ పూర్తిగా తల్లి మీద ఆధారపడిన రోజులు ఎవరికీ తెలియకుండానే గడిచిపోతాయి. నీరసమంటే వేవిళ్లంటారు, కాళ్ల వాపంటే నీరు పట్టిందంటారు, జుట్టు రాలితే రక్తం తక్కువంటారు. చలి వేస్తోందంటే బెంగళూరు గాలి పడలేదంటారు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో గర్భిణుల థైరాయిడ్ పరీక్షల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రమాదం ఎక్కువున్నవాళ్లను ప్రశ్నలు అడిగి గుర్తించి, వాళ్లకు పరీక్ష చేయమని దాని సారాంశం. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా, ఇంతకుముందు గర్భం పోయిందా, గొంతు వాపు ఉండేదా, ఇట్లాంటివి. కాగితం మీద బాగానే ఉంటుంది. నేను ఆమెను అదే అడిగాను.

"మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా అక్కా?"

"మా వంశంలో అట్లాంటి జబ్బులు ఎవురికీ లేవు మ్మా."

నిజమే చెప్పింది. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరికీ ఆ పరీక్ష చేయలేదు, కాబట్టి ఎవరికీ లేదు. ఇక రెండో ప్రశ్న. అత్తగారు బయట బెంచీ మీదికి వెళ్లాక, నేను సూది తీసి దూది నొక్కి పట్టుకున్నప్పుడు, తనంతట తానే గొంతు తగ్గించి చెప్పింది. పోయిన ఏడు ఒక గర్భం రెండో నెలలోనే పోయిందట. ఊర్లోనే, మొగుడికి తప్ప ఎవరికీ తెలియదట. ప్రభుత్వ కేంద్రంలో వరసలో నిలబెట్టి, పక్కన అత్తగారు ఉండగా అడిగితే ఏమని చెబుతుంది? కార్డులో "మునుపటి గర్భస్రావం" దగ్గర "లేదు" అని ఉంది. రాసిన సిస్టరమ్మ తప్పు కూడా కాదది.

ప్రశ్నలతో వడపోస్తే జారిపోయేది మన ఊళ్ల వాళ్లే కాదు. ఇంగ్లండ్‌లో 2007లో 1,560 మంది గర్భిణులను చూస్తే 40 మందికి టీఎస్‌హెచ్ పెరిగి ఉంది. వాళ్లలో 12 మంది "ప్రమాదం లేనివాళ్ల" గుంపులో ఉన్నారు. మనదేశంలో 9 రాష్ట్రాల్లోని 11 నగరాల్లో 2,599 మందిని పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. టీఎస్‌హెచ్ 4.5 దాటితే ఎక్కువని గీత పెట్టుకుంటే నూటికి 13 మందికి తక్కువ థైరాయిడ్ తేలింది. అదే గీతను నెలలను బట్టి 2.5కో 3కో దించితే నూటికి 44 మంది.

ఈ 44 చూసి మీ అధికారులు భయపడటం సహజం. నా భయమూ అదే. బెంగళూరు కార్పొరేట్ ఆస్పత్రుల్లో టీఎస్‌హెచ్ 2.8 ఉందని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలను చూశాను, వాళ్ల టెన్షనే వాళ్లకు పెద్ద జబ్బు. కొద్దిగా పెరిగినవాళ్లకు మందు ఇస్తే పిల్లల తెలివితేటల్లో తేడా రాలేదని 2012లో ఒకటి, 2017లో ఒకటి పెద్ద అధ్యయనాలు వచ్చాయి. రెండింటిలోనూ చాలామందికి మాత్ర మొదలైంది మూడో నెల దాటిపోయాకే అన్నది వేరే సంగతి. అందరికీ పరీక్ష చేయాలా వద్దా అని పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చుకోలేదు. అందుకే అందరికీ మాత్ర ఇవ్వమని నేను అడగడం లేదు. ఎక్కడ గీత గీయాలో మీ నిపుణులు కూర్చుని తేల్చండి. 41 ఉన్న మనిషి మీద మాత్రం ఏ డాక్టరుకూ అనుమానం ఉండదు. ఆమెను పట్టుకోవడానికే పరీక్ష.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. మొదటిసారి వచ్చిన గర్భిణికి రక్తం తీసేటప్పుడు హిమోగ్లోబిన్‌కు ఊదా మూత ట్యూబు, షుగర్‌కు బూడిద రంగు మూత ట్యూబు వాడతాం. హెచ్ఐవీ, సిఫిలిస్ లాంటివాటికి ఎర్ర మూత ట్యూబు. ఈ ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డకట్టాక పైన తేలే పచ్చటి నీరే సీరమ్. టీఎస్‌హెచ్‌కు కావలసిందీ అదే, అది కూడా కొన్ని చుక్కలు. ఇంకో సూది పోటు అక్కర్లేదు, పరగడుపున రమ్మని రేపటికి పంపనక్కర్లేదు. రోజూ ఆ ట్యూబులో మిగిలిన సీరమ్‌ను పారబోస్తూనే ఉన్నాం.

హార్మోన్ మెషిన్ ప్రతి చిన్న కేంద్రంలో పెట్టమనీ అనను. పెట్టినా దండగ, రోజుకు నాలుగు శాంపిళ్ల కోసం దాని కొలత సరిచూసుకోవడానికే కిట్ సగం అయిపోతుంది. సీరమ్ వేరు చేసి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు చెడదు. టీకాలు ఐస్ డబ్బాలో ఊరూరా తిరుగుతున్నాయి కదా, శాంపిళ్లకు అలాంటిదే ఇంకో డబ్బా పెట్టి పెద్ద ల్యాబ్‌కు చేర్చితే చాలు. మా ల్యాబ్‌లో ఈ పరీక్షకు మూడొందలు. తట్టలు మోసే మనిషికి అది సగం రోజు కూలీ. ప్రభుత్వం టోకున కిట్లు కొంటే అంత కూడా పడదు.

పరీక్ష చేసి ఊరుకుంటే మాత్రం వద్దు. ప్రతి నెలా 9న గర్భిణులకు జరిగే ప్రధాన మంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌లో, థైరాయిడ్ ఉన్నవాళ్ల కార్డుకు పసుపు స్టిక్కర్ అంటించాలని ఇప్పటికే ఉంది. స్టిక్కర్ అంటించిన చేత్తోనే థైరాక్సిన్ కూడా ఇవ్వండి. అది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నదే. ఇచ్చేటప్పుడు వాళ్ల భాషలో రెండు మాటలు చెప్పే మనిషి కూడా కావాలి. ఆ అక్కకు డాక్టరమ్మ మాత్ర రాసిచ్చిన నెల తర్వాత కూడా అంకె 19 దగ్గరే ఆగింది. ఎలా వేసుకుంటున్నావని అడిగితే, పొద్దున కాఫీతోపాటు థైరాయిడ్ మాత్ర, రక్తం మాత్ర, కాల్షియం మూడూ ఒకేసారి మింగుతోంది. ఐరన్, కాల్షియం పక్కనుంటే థైరాక్సిన్ ఒంటికి పట్టదు, నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఆమెకు అది కన్నడలో చెప్పారట, అర్థమైనట్టు తలూపి వచ్చేసింది. తెల్లారి లేవగానే నీళ్లతో ఇది, అన్నం తిన్నాక మధ్యాహ్నం రక్తం మాత్ర, రాత్రి కాల్షియం అని సీసా మీద బొమ్మలు గీసిచ్చాను. తర్వాతి నెలకు 3.4కు వచ్చింది.

ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండాకే. మొన్న పాపను చంకనేసుకుని ల్యాబ్‌కు వచ్చింది. "ముందు నెలల్లో మాత్ర వేసుకోలేదు కదమ్మా, పాపకు ఏమన్నా అవుతాదా?" అని అడిగింది. డాక్టరమ్మను అడుగు అన్నాను.

మీ శాఖ నుంచి ఎవరైనా పిలిస్తే మూడు ట్యూబులూ పట్టుకుని వచ్చి చూపిస్తాను. పదకొండు తర్వాతైతే వీలవుతుంది, పొద్దున శాంపిళ్ల టైమ్.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కె.ఆర్. పురం, బెంగళూరు