ఒక స్టూలు కోసం పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఒక వినోద పార్కులో పనివారికి కూర్చోవడానికి స్టూలు, అందరికీ కాస్త మర్యాద కావాలని అడుగుతూ ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారాల్లో వరుసలో నిలబడి, రశీదు తీసుకుని, పద్ధతి ప్రకారం ఇచ్చినవే. మూడింటికీ ఫోనుకు ఒకే సందేశం వచ్చింది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది’. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని వెళ్లాను. ఒక కార్యాలయం వారు ఇది కార్మికుల విషయం, మాది కాదన్నారు. ఇంకో కార్యాలయం వారు అది వినోదం కిందికి వస్తుంది, మాది కాదన్నారు. మూడో చోట ఉన్న గుమాస్తా మాత్రం ఉన్నమాట అన్నాడు. ‘మర్యాద లేదని అర్జీ పెడితే ఏ సెక్షను కింద రాసుకోమంటారు పెద్దాయనా?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందేమోనని ఈసారి నలుగురికీ కనిపించేటట్టు రాస్తున్నాను.

2025-30 పర్యాటక విధానం గురించి మీకు నేను చెప్పేదేముంది? పెట్టుబడులు, రాయితీలు, ఉద్యోగాలు అన్నీ అందులో ఉన్నాయి. నేను అడగబోయేది మాత్రం లేదు. ఉంటే చూపించండి, ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను.

విషయం మన దక్షిణ తెలంగాణలో హైవే పక్కన ఉన్న ఒక వినోద పార్కుది. పేరు రాయను. రాస్తే రేపు పొద్దున మా అమ్మాయి ఉద్యోగం ఉండదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అందులో ఎక్కువ కాలం నల్లగొండ నుంచి కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా సాగర్ వెళ్లే బస్సులోనే గడిచింది. ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైతే 2024 మార్చిలో రిటైరయ్యాను. ఆ మూడున్నర నెలల్లో జీరో టికెట్లు కొట్టి కొట్టి, ఆధార్ కార్డు చూపించమని అడిగి అడిగి, అంతకుముందు ముప్పై ఏళ్లలో పడనన్ని మాటలు పడ్డాను. అన్నాను కూడా, అబద్ధమెందుకు. కిక్కిరిసిన బస్సులో ‘జరుగు’ అంటే గొడవ, ‘జరగమ్మా, వెనక చోటుంది’ అంటే చోటు. ఇది ఏ కండక్టరుకైనా తెలుసు. కానీ ఆ ‘అమ్మా’ పొద్దున ఎనిమిదింటికి వచ్చినంత సులువుగా సాయంత్రం ఆరింటికి నోటికి రాదు. కాళ్లు లాగుతుంటే నోరు ముందు మర్చిపోయేది ఆ ఒక్క మాటనే.

రిటైరైన డబ్బు చేతికి వచ్చింది కదా అని ఆ మే నెలలో మనవణ్ణి, మనవరాలిని తీసుకుని మా ఆవిడా నేనూ ఆ పార్కుకు వెళ్లాం. టికెట్లు కొట్టిన చేతులు కదా, లోపలికి పోయే ముందు టికెట్టే చదివాను. పద్దెనిమిది శాతం జీఎస్టీ. ఇది 2018 జనవరి దాకా ఇరవై ఎనిమిది ఉండేది. ప్రభుత్వం పది శాతం వదులుకుంటే ఆ పది ఎవరి జేబులోకి పోయిందో టికెట్టు మీద రాసి లేదు. సరే, అది వేరే గొడవ.

మా ఆవిడకు షుగరు. వేళకు తినాలి. అందుకని రెండు జొన్నరొట్టెలు, కొంచెం పుంటికూర పప్పు స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర గార్డు సంచి తెరిచి, డబ్బా మూత తీసి, ‘ఇదేమైనా జాతరనా, మూటలు కట్టుకుని వచ్చారు?’ అన్నాడు. ఆమె షుగరు సంగతి చెప్పబోయింది. అతను వినలేదు. పక్కనే నీలం రంగు డ్రమ్ము ఉంది. డబ్బా అందులోకి వంచాడు. రొట్టెలు పడ్డాయి, పప్పు సగం డబ్బాకే అంటుకుంది. డ్రమ్ము అంచుకు రెండు దెబ్బలు కొట్టి, ఆ మిగిలింది కూడా దులిపి, ఖాళీ డబ్బా చేతికిచ్చాడు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. కొంగుతో ఆ డబ్బా తుడుచుకుంటూ నడిచింది. సాయంత్రం దాకా దాన్ని సంచిలో పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

నేను ఊరుకోలేదు. ‘నీలాంటి వాళ్లను రోజుకు పదిమందిని బస్సు దింపినవాణ్ణి, నీ వయసెంత, నీ మాటెంత’ అని గేటు దగ్గర వంద మంది ముందు అరిచాను. మనవడు నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. వాడి ముఖం చూశాకనే ఆగాను. లోపల మూడు ఇడ్లీలు నూట నలభై రూపాయలు. నీళ్లలో దిగాలంటే నైలాను బట్టలే వేసుకోవాలట, వాళ్ల దుకాణంలోనే కొనాలట. ఆ సంగతి టికెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. లోపల ఎక్కడో ఇంగ్లీషులో ఒక బోర్డు మాత్రం ఉంది.

ఆ గడప మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఏడాది తిరక్కముందే మా చిన్నమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది. బీకాం చదివి రెండేళ్లు ఖాళీగా ఉన్న పిల్ల. వద్దని ఏ నోటితో అనను?

శిక్షణ ఒక పూట ఇచ్చారు. టికెట్టు కొన్నవారిని కస్టమరు అనకూడదు, ‘గెస్ట్’ అనాలి అని నేర్పారట. ఇది అమెరికాలో డిస్నీలాండ్ వారి అలవాటు అని కూడా చెప్పారట. ఆ డిస్నీలాండ్‌ను 1955 జూలైలో తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో నెహ్రూ గారు మన సాగర్‌కు పునాదిరాయి వేశారు. అక్కడ పనివారికి నేర్పే సూత్రాల్లో మొదటిది భద్రత, రెండోది మర్యాద అని మా అమ్మాయి నోట్సులో రాసుకుని వచ్చింది. బాగుంది. కానీ అంత దూరం నుంచి ఆ ‘గెస్ట్’ అనే మాట ఒక్కటే మన హైవే దాకా వచ్చినట్టుంది.

ఆమె పనేమిటో చెబుతాను. ఒక పెద్ద రైడు ముందు ఒక కొలత కర్ర ఉంటుంది. దాని మీద 120 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత. గీత అందని పిల్లలను వెనక్కి పంపాలి. ఇంతే పని. పొద్దున పదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా నిలబడి చేయాలి. పైన నీడ లేదు. పది అడుగుల అవతల ఐస్‌క్రీము బండికి గొడుగు ఉంది, ఎందుకంటే ఐస్‌క్రీము కరుగుతుంది.

ఆ కర్ర దగ్గరికి వచ్చేసరికి జనం గంటసేపు వరుసలో నిలబడి ఉంటారు. 2025 మే నెలలో ఒక ఆదివారం ఒక తండ్రి, ఎనిమిదేళ్ల కొడుకు వచ్చారు. పిల్లవాడు మునివేళ్ల మీద నిలబడ్డాడు. తండ్రి వాడి జుట్టును పైకి దువ్వాడు. మా అమ్మాయి మడమలు కింద పెట్టమంది. 116. ‘నాలుగు సెంటీమీటర్లకు కొంప మునగదు, పక్కకు జరుగు’ అన్నాడాయన. కుదరదంది. ‘నీ జీతమెంత? నా చెప్పుల ఖరీదు చేయదు, నువ్వు నాకు చెబుతావా?’ అన్నాడు. అప్పటికి నిలబడి ఏడు గంటలైన పిల్ల ‘ఖరీదైన చెప్పులు వేసుకున్నారు కానీ గీత కనబడడం లేదా?’ అనేసింది. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. తండ్రి చేయెత్తాడు. కొట్టలేదు లెండి, ఎత్తాడు. పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు.

మేనేజరు పరుగెత్తుకుని వచ్చి ఆయనకు క్షమాపణ చెప్పి, ఉచిత ఐస్‌క్రీము కూపను ఇచ్చాడు. పిల్లవాణ్ణి మాత్రం రైడు ఎక్కనివ్వలేదు. పిల్లవాడు చిన్నవాడైతే సీటులో పట్టి ఉంచే ఇనుప కడ్డీ ఒంటికి బిగియదు, రైడు తిరిగేటప్పుడు సందులోంచి జారిపోతాడు. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు. అంటే మా అమ్మాయి చేసిన పని సరైనదే. జీతంలో కోసిన అయిదు వందలు మాత్రం ఆమెవి.

ఆమె అన్న మాటను నేను సమర్థించను. ఇంటికి వచ్చాక తిట్టాను కూడా. ‘నాన్నా, నువ్వు గేటు దగ్గర అన్నదానికంటే తక్కువే అన్నాను’ అంది. ఆ తరువాత నేనేం మాట్లాడతాను?

అయ్యా, ఆ కర్రను రైడు ముందు కాకుండా టికెట్టు కిటికీ దగ్గరే పాతితే ఏం పోతుంది? అక్కడే కొలిచి, పిల్లల చేతికి రంగు పట్టీ కట్టి, ఈ రంగువారు ఈ రైడ్లు ఎక్కవచ్చని తెలుగులో చెబితే గంటసేపు వరుసలో ఆశపెట్టుకున్న పిల్లవాణ్ణి చివరి మెట్టు మీద ఏడిపించే పని ఉండదు. పార్కు వారికి ఈ మాత్రం తట్టలేదని నేననుకోను. టికెట్టు కొనకముందే కొలిస్తే కొందరు కొనకుండా వెళ్లిపోతారు. అందుకని తిట్లు తినడానికి పదమూడు వేల జీతానికి ఒక ఆడపిల్లను ఎండలో నిలబెట్టారు.

అదే మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చినవారు మన సాగర్‌లో బుద్ధవనం చూశారు, పాలమూరులో పిల్లలమర్రి చూశారు. వారికి స్వాగతం ఎంత బాగా పలికామో టీవీలో చూశాను. సంతోషమే, వచ్చినవారిని అలాగే చూసుకోవాలి. ఆ సాయంత్రం మా అమ్మాయి వేడినీళ్ల బకెట్టులో పాదాలు పెట్టుకుని కూర్చుని అదే వార్త చూసింది. ‘వాళ్లు కూడా రోజంతా నిలబడే ఉన్నారు నాన్నా, పాపం హీల్సుతో’ అంది. వెటకారం చేసిందో జాలిపడిందో ఇప్పటికీ నాకు తెలియదు.

చట్టం లేదంటారా? కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని చట్టాలు సవరించారు. మన రాష్ట్రంలో 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. వారానికి 48 గంటలే అని, ఆరు గంటలలోపు అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉంది. పార్కు వారు అందులో ‘పది’ అనే అంకె ఒక్కటే చదివినట్టున్నారు. మిగతాది ఎవరు చదివి వినిపిస్తారు? మీ శాఖ కాదంటే ఏ శాఖో మీరే చెప్పండి. నేను తిరిగి తిరిగి అలసిపోయాను.

నా రెండో అర్జీ తరువాత ఒకసారి తనిఖీ జరిగిందట. తనిఖీ పొద్దున స్టూళ్లు వచ్చాయి, గొడుగులు వచ్చాయి, చల్లని నీళ్ల డబ్బా కూడా వచ్చింది. ఫొటోలు తీసుకున్నారు. మరునాడు స్టూళ్లు మళ్లీ స్టోరురూములోకి పోయాయి. నాకు ‘పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది ఆ సాయంత్రమే. పోనీ, ఒక్క రోజుకు పరిష్కరించబడినది అనుకుందాం.

గేటు దగ్గరి గార్డు సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ డబ్బా వంచినవాడే. అతను ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఒక రోజు అన్నం తింటూ మా అమ్మాయి చెప్పింది: లోపల ఎవరి దగ్గరైనా బయటి తిండి దొరికితే గార్డు జీతంలో కోస్తారట. రాత్రి డ్యూటీవాడు రాకపోతే ఇతనే రెండు డ్యూటీలూ చేస్తాడట. ‘అమ్మ డబ్బా వంచిన రోజు కూడా అతను రాత్రంతా మేలుకుని ఉన్నాడేమో’ అంది. మా ఆవిడ అంతా విని ‘అయితే మాత్రం డబ్బా అట్లా కొడతారా’ అంది. మళ్లీ వడ్డించడానికి లేచి పోయింది. మా ఇంట్లో ఈ కేసు ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి నా విన్నపాలు. కూర్చోవడానికి ఒక స్టూలు, తలమీద నీడ, మధ్యలో అరగంట. నియమాలన్నీ టికెట్టు కొనకముందే తెలుగులో కనిపించాలి. కొలత కర్ర గేటు దగ్గరే ఉండాలి. షుగరు ఉన్నవారి తిండి పారేయకుండా చీటీ ఇచ్చి పక్కన పెట్టే ఒక అలమర కావాలి. ఎవరి మీదైనా చెప్పుకోవడానికి ఒక ఫోను నంబరు కావాలి. మా బస్సులో డిపో మేనేజరు నంబరు అందరికీ కనిపించేలా రాసి ఉండేది. ఆ పార్కులో చిరునవ్వుల బొమ్మలు తప్ప ఏ గోడ మీదా ఒక్క నంబరు లేదు. పనిచేసేవారిని ‘నువ్వు’ అని, ‘ఏయ్’ అని పిలిచే గెస్టులను ఏం చేయాలో మాత్రం నాకు తోచడం లేదు. వారిలో నేనూ ఒకణ్ణి.

చివరగా ఒకటి. ఇక ఎవరినీ అడగదలచుకోక మొన్న నల్లగొండలో మూడు వందల యాభై పెట్టి ఒక ప్లాస్టిక్ స్టూలు కొని, ఎర్ర రంగుది, మా అమ్మాయి చేతికిచ్చి పంపించాను. బయటి వస్తువులు లోపలికి తేకూడదని గేటు దగ్గరే ఆపేశారు. సాయంత్రం అడిగితే మేనేజరును అడగమన్నారట. అది ఇంకా గేటు దగ్గరే ఉంది. రెండో డ్యూటీ పడిన రాత్రి ఆ గార్డు దాని మీద కూర్చుంటున్నాడట. కూర్చోనివ్వండి. దాన్ని వెనక్కి ఇప్పించవద్దు. మా అమ్మాయికి ఇంకొకటి ఇప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
నల్లగొండ జిల్లా