చూడని దానికి సాక్ష్యమా?

సంపాదకులకు నమస్కారం.

తనతో తప్పుగా ప్రవర్తించాడని ఒక అమ్మాయి ఫిర్యాదు చేసిన సంగీత రంగ ప్రముఖుణ్ణి వెనకేసుకొస్తూ ఒక గాయకుడు ఇచ్చిన ప్రకటనను పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో చదివినప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించాను. కేసు ఇంకా దర్యాప్తులోనే ఉంది. ఏం జరిగిందో నాకు తెలియదు, ఆ గాయకుడికీ తెలియదు. అయినా "ఇరవై ఏళ్లుగా ఎరుగుదును, అలాంటి మనిషి కాదు" అని ఆయన పడిన పూచీకి మీరు రంగుల ఫొటోతో సహా మూడు కాలమ్‌లు కేటాయించారు. ఫిర్యాదు చేసిన అమ్మాయి మాటలకు అదే పేజీ అడుగున నాలుగు వాక్యాలు దక్కాయి. మర్నాటికల్లా ఇద్దరు సంగీత దర్శకులు, ఒక గాయని ఆయనకు వంత పాడారు.

ఇరవై ఏళ్ల పరిచయం దేనికి సాక్ష్యమో కాస్త ఆలోచించాలి. రికార్డింగ్ థియేటర్లో అద్దానికి అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని ట్రాక్ పాడే అమ్మాయికి ఇవతలి మాట వినిపించాలంటే ఇవతలివాళ్లు మీట నొక్కాలి. నొక్కకపోతే వాళ్ల పెదవులు కదలడం కనిపిస్తుందే తప్ప, తన పాట గురించి ఏమనుకుంటున్నారో ఆమెకు తెలియదు. ఆ పాట ఆమె గొంతుతోనే విడుదలవుతుందా, మరొకరి చేత మళ్లీ పాడిస్తారా అన్నది కూడా ఇవతలి గదిలోనే తేలుతుంది. పేరున్న గాయకుడు వచ్చినప్పుడు లేచి ఎదురెళ్లి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించే పెద్దమనిషి, అందరూ వెళ్లిపోయాక ఆ అమ్మాయితో ఎలా మాట్లాడాడో పేరున్న గాయకుడికి ఎలా తెలుస్తుంది? ఆయన చూసింది తన పట్ల చూపిన మర్యాదను. దాన్నే అందరి పట్లా చూపి ఉంటాడని నమ్మడం ఆయన ఇష్టం. ఆ నమ్మకాన్ని సాక్ష్యంగా లోకం ముందు పెడితేనే నా అభ్యంతరం.

పైగా ఇటువంటి సమర్థనలు నిందితుడి మంచితనం దగ్గర ఆగవు. 2002లో ముంబయి బాంద్రాలో కారు పేవ్‌మెంటు మీదికి దూసుకెళ్లి, అక్కడ నిద్రపోతున్న ఒక కూలీ చనిపోయి, నలుగురు గాయపడిన కేసులో సల్మాన్ ఖాన్‌కు 2015 మే 6న సెషన్స్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆ రోజు గాయకుడు అభిజీత్ భట్టాచార్య ఆయనను వెనకేసుకొస్తూ, రోడ్డు మీద పడుకున్నవాడు కుక్కచావు చస్తాడనీ, రోడ్లు పేదవాళ్ల సొత్తు కాదనీ అర్థం వచ్చేలా ట్వీట్ చేశారు. తర్వాత క్షమాపణ చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో బొంబాయి హైకోర్టు సాక్ష్యాలు చాలవంటూ సల్మాన్‌ను నిర్దోషిగా విడుదల చేసింది, ఆ తీర్పు మీద నేనేమీ అనబోవడం లేదు. కానీ శిక్ష పడినా, కేసు కొట్టేసినా ఆ మాట ఎవరిని గాయపరిచింది? పేవ్‌మెంటు మీద పడుకున్నవాణ్ణి, తమవాణ్ణి పోగొట్టుకున్న ఆ కుటుంబాన్ని. అంత చక్కటి గొంతున్న మనిషి నోట అంత మాట వచ్చిందంటే పదేళ్లు దాటినా నాకు మింగుడు పడదు.

విదేశాల సంగతీ ఇంతే. అమెరికా నటుడు బిల్ కాస్బీ మీద లైంగిక దాడి ఆరోపణలు వెల్లువెత్తిన 2014లో గాయని జిల్ స్కాట్ ఆయన పక్షాన గట్టిగా నిలిచారు. మరుసటి ఏడాది జులైలో ఆయన పాత వాంగ్మూలం బయటపడి, స్త్రీలకు ఇవ్వడానికే మత్తు మాత్రలు సంపాదించానని ఆయనే ఒప్పుకున్నట్టు తేలాక, అసహ్యం వేసిందంటూ ఆమె తన మద్దతును వెనక్కి తీసుకున్నారు. అమెరికా గాయకుడు ఆర్. కెల్లీ మీద ఏళ్ల తరబడి లైంగిక వేధింపుల ఆరోపణలు వినిపిస్తున్నా, 2013లో ఆయనతో కలిసి పాడిన లేడీ గాగా 2019 జనవరిలో గానీ క్షమాపణ చెప్పి ఆ పాటను తీసివేయించలేదు. 2021లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో నేరం రుజువై, మరుసటి ఏడాది కెల్లీకి ముప్పై ఏళ్ల శిక్ష పడింది. తప్పు ఒప్పుకున్నందుకు ఈ ఇద్దరు గాయనులనూ నేను గౌరవిస్తాను. అయితే క్షమాపణ వచ్చేలోపు గడిచిన కాలం ఫిర్యాదు చేసినవాళ్ల బతుకుల్లోంచి పోయిందని మరిచిపోలేను.

స్నేహితుడు కష్టంలో ఉంటే నోరు మూసుకోమని నేను అనడం లేదు. ఇంటికి వెళ్లి ధైర్యం చెప్పవచ్చు, జామీను ఇప్పించవచ్చు, మంచి వకీలును చూసిపెట్టవచ్చు. నేర విచారణలో నిందితుడి మంచి నడవడిక గురించి సాక్ష్యం చెప్పే వీలును చట్టమే కల్పించింది. అబద్ధపు ఫిర్యాదులు ఉంటాయి, వాటిని తేల్చాల్సిందీ కోర్టే. అక్కడైతే ప్రమాణం చేయాలి, అవతలి వకీలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మైకు ముందు చెప్పే మాటకు ఈ రెండూ లేవు. దాన్ని లక్షల మంది అభిమానులు వేదవాక్కుగా తీసుకుని ఆ అమ్మాయి ఫోన్‌కు బూతులు పంపుతారు.

ఇదంతా రాసే అర్హత నాకుందా అని కూడా ఆలోచించాను. ముప్పై ఏళ్ల కిందట నేను ఒక ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేదాన్ని. మా బృందం పెద్ద తనతో తప్పుగా ప్రవర్తించాడని మాతో పాడే ఒక అమ్మాయి చెప్పింది. మూడో రోజు రిహార్సల్‌కు వెళ్లేసరికి హార్మోనియం పెట్టె మీద ఒక కాగితం ఉంది. ఆయన తండ్రిలాంటివాడని అందులో రాసి ఉంది, అప్పటికే పదకొండు సంతకాలున్నాయి. పెన్ను నా చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నా వైపే చూస్తోంది. నేను సంతకం చేశాను. నాకు ఆయన తండ్రిలాంటివాడే, అందులో అబద్ధం లేదు. కానీ ఏం జరిగిందని ఆమెను ఒక్క మాట అడగలేదు. ఆమె మళ్లీ పాడటానికి రాలేదు, ఎక్కడుందో నాకు తెలియదు.

ఆనాడు మేము పన్నెండు మందిమి, ఊరూ పేరూ లేనివాళ్లం. అవకాశాలు ఇచ్చే చేతులే సంతకాలు చేసినప్పుడు ఏ కొత్త గొంతు నోరు విప్పుతుంది? గాయని చిన్మయి 2018లో తనకు ఎదురైన వేధింపుల గురించి బయటికి చెప్పిన కొద్ది వారాలకే, చందా బకాయి ఉందంటూ డబ్బింగ్ కళాకారుల సంఘం ఆమె సభ్యత్వాన్ని తీసేసింది. అదే ఏడాది మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆరోపణలు ఎదుర్కొంటున్న ఏడుగురు కళాకారులను డిసెంబరు కచేరీల నుంచి తప్పించింది. తలుచుకుంటే సంస్థలు ఏం చేయగలవో దీన్నిబట్టి తెలుస్తోంది. మిగతా సంఘాలకు ఏం అడ్డొచ్చింది? ఫిర్యాదుల కమిటీ వేశామంటారు, అందులో ఎవరున్నారో, ఎన్ని ఫిర్యాదులు తేల్చారో చెప్పమంటే జవాబుండదు. అవార్డులిచ్చే పెద్దలు, సన్మాన సభల్లో శాలువాలు కప్పే మంత్రులు కేసు సంగతి తమకు తెలియనట్టే వేదికెక్కుతారు.

మీ పత్రికను నేను కళాశాల రోజుల నుంచి చదువుతున్నాను గనుక చనువుగా ఒకటి అడుగుతున్నాను. ఈసారి ఏ గాయకుడైనా, సంగీత దర్శకుడైనా తోటి ప్రముఖుడి తరఫున ప్రకటన ఇస్తే, దాన్ని అచ్చు వేసే ముందు మీ విలేకరి ఆయనను రెండు ప్రశ్నలు అడగాలి: సంఘటన జరిగినప్పుడు మీరు అక్కడ ఉన్నారా? ఫిర్యాదు చేసినామెతో మాట్లాడారా? ఆయన ఏం చెప్పినా ఆ జవాబులను ఆయన ఫొటో కిందనే, ప్రకటన అచ్చయిన అక్షరాలంత పెద్దగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని