బిగించని థర్మోస్టాట్‌కి మెకానిక్ బిల్లు ఎక్కడి నుంచి తేవాలి?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీరు పంపిన థర్మోస్టాట్, ఆ తర్వాత మీరు నడిపిన కథ

అయ్యా,

సామాను పాడైనదని నాకు పెద్ద కోపమేం లేదు. పెట్టె విప్పగానే పాడైనవి రావడం కొత్త కాదు. సొంత బండికి సొంతంగా పని చేసుకునేవాళ్ళం, ఆ మాత్రం ఓర్పు మాకుంది. నా కోపమంతా తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు మీద.

నాది పాత మారుతి 800. ఈ ఎండల్లో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకెక్కేది. ఇంజన్ కాలిపోతున్నా రేడియేటర్ పైగొట్టం చల్లగానే ఉంది. అంటే ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, అదే థర్మోస్టాట్, తెరుచుకోవడం లేదు. మా వీధి మెకానిక్ అయితే "తీసి పారేయండి సార్, మన ఎండలకి అదెందుకు" అన్నాడు. అది తీసేస్తే ఇంజన్ సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగుతుందని తెలుసు కాబట్టి ఆయన మాట పక్కన పెట్టి, మీ మాట నమ్మి కొత్తది తెప్పించుకున్నాను. "మీ కారు మీరే బాగు చేసుకోండి" అని ప్రకటనలు వేసేది మీరే కదా!

వచ్చినదాన్ని బిగించే ముందు పరీక్షించాను. పాత పాలగిన్నెలో నీళ్ళు పోసి, అడుగు తగలకుండా దారానికి కట్టి వేలాడదీసి, స్టవ్ మీద పెట్టాను. దాని మీద 82 అని కొట్టి ఉంది. 82 డిగ్రీలకు వాల్వు కదలడం మొదలవ్వాలి. నీళ్ళు తెర్లి గిన్నె మూతికి వచ్చాయి, వాల్వు మాత్రం కదల్లేదు. మా ఆవిడ వచ్చి చూసి "ఏం కూర?" అని అడిగి వెళ్ళిపోయింది. ఆ వీడియో తీసి మీకు పంపాను. అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను, అమాయకుణ్ణి.

తెలుగు కోసం 3 నొక్కమంటే నొక్కాను. హిందీలో ఎత్తారు. నాకొచ్చిన హిందీలో చెప్పుకుంటే, ఆ అమ్మాయి ఓపికగా అంతా విని, "కారు నంబరు చెప్పండి" అంది. చెప్పాను. లైను కట్. మళ్ళీ చేస్తే ఇంకో అబ్బాయి, మళ్ళీ మొదటి నుంచి కథ. ఈయన "వీడియో సైజు ఎక్కువైంది, ఫోటో పంపండి" అన్నాడు. తెరుచుకోని వాల్వును ఫోటోలో ఎలా చూపించాలో చెప్పండి బాబూ అంటే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అని చదివాడు. అవును, చదివాడు, ఆ మాత్రం తెలియకపోవడానికి నేనేం చెవిటివాణ్ణి కాదు.

ఆ తర్వాత సీనియర్‌ని కలిపారు. ఆయన అసలు మేధావి. "సర్టిఫైడ్ గ్యారేజీలో బిగించినట్టు మెకానిక్ బిల్లు పంపండి, లేకపోతే వారంటీ వర్తించదు" అన్నారు. అసలు బిగించనే లేదండీ, గిన్నెలోనే తేలిపోయింది అన్నాను. "అయితే ఇన్‌స్టాల్ చేయని వస్తువు పాడైందని ఎలా నిర్ధారిస్తారు సార్?" అన్నారు. బిగించి ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయాక వస్తే, అప్పుడు "మీరే బిగించుకున్నారు కదా" అని ఉండేవారు. ఎటు తిరిగినా గోడే. కొనేటప్పుడు మేం తెలివైన వినియోగదారులం, ఫిర్యాదు చేస్తే పానా పట్టుకున్న పిల్లకాయలం!

మర్నాడు నా ఫిర్యాదు గురించి మెసేజ్: "మీ టికెట్ విజయవంతంగా పరిష్కరించబడింది." కింద ఐదు నక్షత్రాలు, మా సేవ ఎలా ఉందో చెప్పండి అంటూ. మళ్ళీ తెరిపిస్తే మళ్ళీ మూసేశారు. పికప్ కుర్రాడు వస్తాడన్నారు, ఇంతవరకు రాలేదు.

చివరికి మన ఆటోనగర్‌కే వెళ్ళాను. షాపాయన నేనడగకుండానే వేడినీళ్ళలో వేసి తెరుచుకోవడం చూపించి మరీ ఇచ్చాడు. ఇంటికొచ్చి పాత గాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకి, కొత్తది వేసి, బోల్టులు బిగించి, కూలెంట్ పోసి, రేడియేటర్ మూత తీసి ఉంచే ఇంజన్ నడిపాను. లోపలి గాలి బుడగలుగా బయటికొచ్చింది. కాసేపటికి పైగొట్టం వేడెక్కింది, ఫ్యాన్ దానంతటదే తిరిగింది. ముల్లు మధ్యలోనే నిలిచింది. ఆ ఆనందం మీ సీనియర్‌కి చెప్పినా అర్థం కాదు, దానికీ బిల్లు అడుగుతారు.

బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, అన్నీ మీ దగ్గరే కొన్నాను. మా అపార్టుమెంటులో మీ పేరు చెప్పి కొనిపించాను కూడా. వాళ్ళకిప్పుడు ఈ కథ చెబుతున్నాను, బాగా నవ్వుతున్నారు.

డబ్బు వెనక్కివ్వండి, అది మామూలు విషయం. దానికంటే ముందు, థర్మోస్టాట్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేసి, ఆ టికెట్ ఎందుకు మూశారో చెప్పాలి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. మీ గ్రీవెన్స్ ఆఫీసరు గారు నిద్రలేవకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు. గిన్నె, దారం, మీ థర్మోస్టాట్ పట్టుకెళ్ళి అక్కడే నీళ్ళు కాస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విజయవాడ