తిన్నింటి వాసాలేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఈ నెల (2019 అక్టోబరు) 11, 12 తేదీల్లో చెన్నై దగ్గరి మామల్లపురం వచ్చి వెళ్లిన దగ్గరి నుంచి మీ పత్రికలో పాఠకుల ఉత్తరాలు చదువుతున్నాను. మోదీ గారికి పంచెకట్టు బాగా కుదిరిందని ఒకరు, 2017లో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలిచిన డోక్లాంను అప్పుడే మరిచిపోయామా అని ఇంకొకరు. ఎవరి అభిప్రాయం వారిది. కానీ షీ బస చేసిన చెన్నై హోటల్ ముందు నినాదాలు చేసి అరెస్టయిన టిబెటన్ కుర్రవాళ్ల గురించి ఒక పెద్దమనిషి ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులు’ అని రాశారు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

నేను పర్లాకిమిడిలో ముప్పై నాలుగేళ్లుగా బోర్డులు రాస్తున్నాను. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్, ఏదైనా సరే కుంచెతోనే. ఫ్లెక్సీలు వచ్చి పని సగానికి సగం పోయింది. మిగిలిన దానిలో కొంత చంద్రగిరి పుణ్యం. మా గజపతి జిల్లాలోనే, మోహనా బ్లాకు కొండల మధ్య, చైనా పాలన నుంచి తప్పించుకుని వచ్చిన టిబెటన్ల శిబిరం 1963 నుంచి ఉందక్కడ. మొక్కజొన్న పండిస్తారు. చలికాలం వస్తే లూధియానా సరుకు తెచ్చుకుని ఆంధ్ర పట్టణాల్లో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముతారు. ఆ దుకాణాలకు తెలుగులో గుడ్డ బోర్డు కావాలి గనుక దసరా వెళ్లగానే నా దగ్గరికి వస్తారు. ‘టిబెటన్ స్వెట్టర్లు, ఒకే ధర’ అని రాసిస్తాను. ఒకే ధర అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మనవాళ్లు బేరమాడక మానరనుకోండి.

వాళ్లలో ఒక ముసలావిడ ఉంది. శిబిరంలో అందరూ అమాలా అంటారు, వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలుస్తాను. 2014 సెప్టెంబరులో ఇదే షీ జిన్‌పింగ్ అహ్మదాబాద్, ఢిల్లీ వచ్చినప్పుడు ఆమె మూడు గజాల తెల్లగుడ్డ పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. ‘టిబెట్‌కు స్వేచ్ఛ కావాలి’ అని ఒడియాలోనూ తెలుగులోనూ రాయమంది. ఎక్కడికీ వెళ్లరట, శిబిరం రోడ్డు మీదే పట్టుకుని నిలబడతారట. పని ఎక్కువగా ఉందని చెప్పాను. అబద్ధం. ఆ వారం డబ్బాల్లో రంగు గడ్డకడుతోంది. ఎవరైనా వచ్చి ఇది ఎవరు రాశారని అడిగితే ఏం చెప్పాలన్నది నా భయం. ఆమె మారు మాట్లాడకుండా గుడ్డ మడత పెట్టుకుంది. నా కోసం తెచ్చిన మొక్కజొన్న పొత్తుల సంచి మాత్రం బల్ల మీదే వదిలి వెళ్లింది.

ఈసారి దసరా మర్నాడు కోడలితో కలిసి వచ్చింది, స్వెట్టర్ల బోర్డు కోసం. మనవడు చెన్నైలో డిగ్రీ చదువుతున్నాడు. ఆ అతిథి వచ్చి వెళ్లేదాకా గది దాటవద్దని చెప్పారట. కుర్రవాడు కోపంగా ఉన్నాడా అని అడిగాను. “లేదు భైనా, చదువుకుంటున్నానంటున్నాడు, మాట్లాడటం లేదు. అదే నాకు భయం” అంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2012లో అప్పటి చైనా అధ్యక్షుడు హూ జింటావో ఢిల్లీ వస్తున్నాడనగా జాంఫెల్ యేషీ అనే యువకుడు జంతర్ మంతర్ దగ్గర ఒంటికి నిప్పంటించుకుని, రెండు రోజులకు చనిపోయాడు.

ఆ మర్నాటికి పత్రికల్లో ఒక ఫొటో వచ్చింది. చెన్నైలో ఒక బడి పిల్లలు వందల సంఖ్యలో షీ ముఖం ఉన్న మాస్కులు తగిలించుకుని వరసలు కట్టారు. వాళ్లకు ఆయన ముఖంతో బయటికి రావడానికి అనుమతి ఉంది. మా అమాలా మనవడికి సొంత ముఖంతో రావడానికి లేదు. ఇంకో వార్త నేను రెండుసార్లు చదివాను, నా వృత్తికి సంబంధించినది గనుక. స్వాగత బ్యానర్లు కట్టడానికి తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. అంతకు మూడు వారాల ముందే అదే నగరంలో స్కూటర్ మీద వెళ్తున్న ఒక అమ్మాయి మీద బ్యానర్ పడి, ఆమె లారీ కింద నలిగి చనిపోయింది. అయినా అనుమతి దొరికింది.

చైనాతో మాట్లాడవద్దని నేను అనడం లేదు. సరిహద్దు ఉన్నవాళ్లు మాట్లాడుకోక తప్పదు. వచ్చినాయన మీద రాయి పడకుండా చూడవలసిందే. గుడ్డ మీద నాలుగు అక్షరాలు చదివితే ఎవరికీ గాయం కాదు కదా. 1999లో అప్పటి చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ లండన్ వెళ్లినప్పుడు అక్కడి పోలీసులూ టిబెట్ జెండాలు లాక్కున్నారు. మరుసటి ఏడాది, అలా లాక్కోవడం చట్టవిరుద్ధమని హైకోర్టు ఎదుట తేలింది. మొన్న జూన్‌లో ట్రంప్ అదే లండన్ వెళ్తే, ఆయనను లంగోటీ కట్టిన పసివాడిలా చేసిన బెలూను పార్లమెంటు ముందు ఎగరేశారు. నాకది వెకిలిగానే తోచింది. రాణి గారి విందుకు మాత్రం ఏ లోటూ రాలేదు. 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపే ముందు మా తాత కూడా వద్దని ఒక అర్జీ మీద వేలిముద్ర వేశాడట. అప్పటి పాలకులు తెల్లదొరలు.

ఇక వాసాల సంగతి. అమాలా ఏడేళ్ల పిల్లగా 1959లో తండ్రి వీపున కొండలు దాటి వచ్చింది. ఒకసారి రంగు ఆరేదాకా కూర్చుని నా దుకాణం పైకప్పు చూస్తూ, తమ ఊరి ఇంట్లో వాసాలకు నీలం రంగు ఉండేదని చెప్పింది. పడుకుని లెక్కపెట్టేదట. తొమ్మిది. ఆ పెద్దమనిషికి తెలియజేయండి, ఆమె లెక్కపెట్టిన వాసాలు అవి.

ఈసారి నేనే అడిగాను, ఆ పాత గుడ్డ ఉందా అని. మనవడి దుప్పటికి అతుకు వేసేశానంది. స్వెట్టర్ల బోర్డు రాయించుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లింది. ఈ చలికాలం విశాఖపట్నంలో దుకాణం పెడతారు. నీలం అక్షరాలు, ఎర్ర అంచు. మీకు ఉత్తరం రాసిన ఆయన అటు వెళ్తే గుర్తుపట్టవచ్చు. బేరం కూడా ఆడవచ్చు.

ఇట్లు,
బోర్డులు రాసే ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా