చిన్నోడికి నాన్న రాసేది

చిన్నోడా,

ఇక్కడ అందరం క్షేమం. ఊడ్పులు అయిపోయాయి. అక్క పిల్లకి జ్వరం తగ్గింది. తొమ్మిది రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. గార్డు డ్యూటీ పడిందేమో అనుకుంటున్నాం.

మొన్న టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు, మీ పోలీసు లైన్స్‌లో ఎస్సెల్లార్ రైఫిల్ తుడుస్తుంటే పేలి ఒక కుర్రాడి భుజానికి తగిలిందట. పేరు తెలీదన్నారు. మీ అమ్మకి చెప్పలేదు.

అది అలా ఉంచు. బూట్లు నొక్కుతున్నాయన్నావు, మార్చుకున్నావా? డ్యూటీ దిగాక ఎంత నిద్రొస్తున్నా వరస తప్పకు. ముందు తూటాల మేగజైన్ తియ్యి, ఆ తర్వాతే పిడి వెనక్కి లాగి కాక్ చెయ్యి. మేగజైన్ ఉండగా కాక్ చేసి వదిలితే ఇంకో రౌండు ఎక్కి కూర్చుంటుంది. ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కేస్తారు. తూటా కూర్చునే ఛాంబర్ కంటితో చూడు, చీకటైతే వేలు పెట్టి తడుము. మూతి మనిషి లేని వైపే ఉండాలి.

1994 వానాకాలంలో ఏజెన్సీలో సబ్ ట్రెజరీ గార్డులో ఉన్నాను. రాత్రి రెండు దాటింది, కరెంటు లేదు. పదిమంది దాకా పొడుగాటి కర్రతో మా మీదికి పరిగెత్తుకొస్తున్నారు. ఆ రోజుల్లో అక్కడ ఆకు కదిలినా భయమే. "ఆగు, ఎవరక్కడ" అని రెండుసార్లు అరిచాను. వాన హోరులో వాళ్లకి వినపడలేదు. త్రీనాట్‌త్రీ రైఫిల్ బోల్టు లాగి ఎక్కించాను. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. హెడ్ కానిస్టేబుల్ గారు వెనకనుంచి వచ్చి బ్యారెల్ కిందికి నొక్కి టార్చి వేశారు. అది డోలీ బొంగు. డోలీలో పాము కరిచిన ఆడమనిషి. జీపు కోసం వచ్చారు వాళ్లు. తెల్లారేదాకా నా చేతులు నిలవలేదు. రేంజిలో పట్టపగలు కదలని బోర్డుని కొట్టించారు గానీ, చీకట్లో మనిషిని పోల్చుకోవడం నాకెవరూ నేర్పలేదు.

చంపడానికి వచ్చినవాణ్ణి ఆపే హక్కు మనకే కాదు, ప్రతివాడికీ ఉంది. మాకు ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్లు. 2024 జులై నుంచి మీకు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44. అందులో 37 మళ్లీ చదువు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే, మించకూడదు.

పార్సిల్లో ఆవకాయ, రెండు జతల సాక్సులు పెట్టాం. నొప్పులకి మామయ్య ఇచ్చిన నూనె సీసా కూడా ఉంది, మూత గట్టిగా బిగించాను. అందగానే ఫోన్ చెయ్యి. ఆ కుర్రాడు ఎవరో చెప్పు. నువ్వే అయితే ఏ భుజమో చెప్పు, రాత్రి బస్సుకే బయల్దేరతాను.

మీ నాన్న