బీఈడీ కాలేజీలకూ డిజిటల్ ప్యానెళ్లు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను బీఈడీ రెండో సంవత్సరం, ఫిజికల్ సైన్స్ మెథడాలజీ. మా జిల్లాలోనే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం కింద ఏపీ బళ్లకు వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే బోర్డులా గోడకుండే పెద్ద టచ్ తెరలు, అక్కడా ఉన్నాయి. రేపు డీఎస్సీలో పోస్టు వస్తే నేను రోజూ పాఠం చెప్పాల్సింది వాటి మీదే. కానీ మా కాలేజీలో ఒక్కటీ లేదు. ఐసీటీ, అంటే పాఠాల్లో కంప్యూటర్లు, డిజిటల్ పరికరాలు వాడడం మీద పేపర్ ఉంది, దానికి రికార్డూ ఉంది, కంప్యూటర్ బొమ్మ గీసి భాగాలు గుర్తించి సంతకం పెట్టించుకుంటే అది అయిపోయినట్టే.

పదో తరగతికి విద్యుత్ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు తెర మీదే ప్రయోగాలు చేసి చూపించే ఫెట్ (PhET) సిమ్యులేషన్ వాడాను. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మన బళ్లకు కావాల్సింది అదే. పిల్లలే వచ్చి తెర మీద వైర్లు కలిపారు. శ్రేణి సంధానంలో ఒక బల్బు తీస్తే అన్నీ ఆరిపోయాయి, సమాంతరంలో తీస్తే మిగతావి వెలుగుతూనే ఉన్నాయి. వైరులో ఎలక్ట్రాన్లు కదలడం కూడా కనిపిస్తుంది, బోర్డు మీద ఎన్ని బాణాలు గీసినా ఆ సంగతి అంత తేలిగ్గా ఎక్కదు. ఇంతలో ఒకబ్బాయి బ్యాటరీ రెండు చివరలూ నేరుగా వైరుతో కలిపేశాడు. తెర మీద మంటలు వచ్చాయి, క్లాసంతా ఒకటే నవ్వు, ఇక అందరూ అదే చేస్తామని ఎగబడ్డారు. ప్యానెల్ ఆపేసి ఒక టార్చిలైటు సెల్లు, చిన్న రాగి తీగ ఆ అబ్బాయి చేతికిచ్చి ఇప్పుడు కలపమన్నాను. కాసేపటికే "మేడమ్, కాలుతోంది" అని వదిలేశాడు. ఇంట్లో ఫ్యూజు ఎందుకు పెడతారు, వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఎందుకు అని పిల్లలు అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ప్యానెల్ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూసేసి వస్తువు చేతికివ్వాలో నాకెవరూ నేర్పలేదు. నా తోటివాళ్లలో చాలామంది వీడియో పెట్టి పక్కన నిలబడుతున్నారు, వాళ్లను తప్పుపట్టలేను, వాళ్లకూ ఎవరు చూపించారు గనక.

పరికరాలు కొనడం మీద ఉన్న శ్రద్ధ పాఠం మీద ఉండట్లేదని నా బాధ. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు, అందులో పాఠాలు బైజూస్‌వి. 2024కల్లా ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదే పాఠాలు పాఠ్యపుస్తకాలు తయారుచేసే మన ఎస్‌సీఈఆర్‌టీ, మన టీచర్లు కలిసి తయారుచేసి ఉంటే ఏ కంపెనీ ఏమైనా మనకు బెంగ ఉండేది కాదు కదా. వాటిని పెట్టుకోవడానికి అందరికీ తెరిచి ఉన్న దీక్షా అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 2017 నుంచీ ఉంది.

ఇంకొకటి. 2022 ఆగస్టులో టీచర్లకు ఫోను యాప్‌లో ముఖం చూపించి వేసే హాజరు వచ్చింది, అంతకుముందు నుంచే మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని ఉండేది. ఇప్పుడు యాప్‌లన్నిటినీ లీప్ అనే ఒకే యాప్‌లో కలపడం మంచి పనే, కానీ వివరాలు నింపే పని తగ్గిందని మా బడిలో ఎవరూ అనట్లేదు. మా గైడ్ టీచరు ఎంత బాగా పాఠం చెప్తారో చూశాను కాబట్టి, ఆవిడ సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని వరండాలో నిలబడితే కడుపు రగిలిపోతుంది. ఆ పనికి బడికొక మనిషిని పెట్టలేరా?

విద్యాశాఖను నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. ప్రతి బీఈడీ కాలేజీకి, ప్రతి డైట్‌కి (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థకి) కనీసం ఒక ప్యానెల్ ఇవ్వండి. ఐసీటీ మార్కులు రికార్డు చూసి కాకుండా, దాని మీద మేం చెప్పిన పాఠం చూసి వేయండి. టచ్ పోయిన ప్యానెల్‌కి దుప్పటి కప్పి ఉంచకుండా బాగుచేసే టెక్నీషియన్‌ని మండలానికొకరినైనా పెట్టండి. మా బ్యాచ్ ఎలాగూ బయటికొచ్చేస్తోంది, వచ్చే ఏడు చేరేవాళ్లకైనా ఈ ఏర్పాటు జరగాలి.

ఒక బీఈడీ విద్యార్థిని,
పల్నాడు జిల్లా